వెనక సీటు నుంచి ప్రశ్నలు

పట్టుగూళ్ళు విడిపించే రాత్రి మా ఇంట్లో ఎవరూ పడుకోరు. తెల్లవారగానే గూళ్ళను చింతామణి మార్కెట్టుకు చేర్చాలి. అలా ఒకరోజు గూళ్ళు అమ్ముడయ్యాక, నా భార్యను బైకు మీద ఎక్కించుకుని మధ్యాహ్నం ఎండలో ఊరికి బయలుదేరాను.

చింతామణి దాటగానే ఆమె ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆ తోట ఎవరిది, ఆ టమాటా ఎప్పుడు నాటినారు అంటూ ఆపకుండా అడిగింది. నాకు అనుమానం వచ్చింది. అప్పటికి నేను తాగుడు మానేసి ఏడాది అయింది. అయినా మార్కెట్టులో ఆమెకు చెప్పకుండా టీకి వెళ్ళొచ్చాను కదా, అందుకని నా మాట తడబడుతుందేమోనని పరీక్షిస్తోందనుకున్నాను.

"కైవారం క్రాసు వచ్చినాదా?" అంది.

"ఇంకా ముందర ఉండాది."

"అది దాటి శానా సేపాయ. బండి నిలుపు."

"నేనేమీ తాగలేదు. పోలీసు మాదిరి అడుగుతాండావే, నోరు మూసుకో."

ఆమె ఇక మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకెంత హాయిగా ఉందో గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది, రోడ్డు పక్క కంకరలో బండి పడి ఉండడం, ఆమె తన విరిగిన చెయ్యి పట్టుకుని కూర్చుని ఉండడమే.

"తాగినావని కాదు, నిద్రపోతాండావని అడిగినాను," అంది.

చెయ్యి అతుక్కుంది. ఇప్పుడు మార్కెట్టుకు ఆమె బస్సులోనే వస్తుంది. నేను కంటినిండా నిద్రపోయి లేచిన రోజున కూడా నా ముఖంలోకి ఒకసారి చూసి, బస్సు కోసం నడిచిపోతుంది. బాగా పడుకున్నానని చెప్పబోయి ఊరుకుంటాను. ఆ మధ్యాహ్నం కూడా నేను మేలుకునే ఉన్నాననుకున్నాను.