హులిగమ్మ మట్టి ఉండలు

హులిగమ్మ మొండిది. ఊరంతా ఆ మాట తిట్టుగా అంటుంది, ఆయమ్మ మడికి కూలికి పోయే నేను మాత్రం మెప్పుగా అంటా.

మాది ఎమ్మిగనూరు దగ్గర కాలవ కింద ఊరు. పంతొమ్మిదొందల డెబ్భై ఎనిమిదిలో మొగుడు లక్ష్మప్ప పోయినంక ఆయమ్మకు మిగిలింది ఎకరా వరిమడి. దాని దిగువనే బావ ఉచ్చీరప్ప మడి. నీళ్లు ముందు ఈమె మడిలోకొచ్చి, నిండినంక గెనిమ గట్టుకున్న గండిలోంచి ఆయప్ప మడిలోకి దిగుతాయి. రెండేండ్లు ఈమె ఎంత యూరియా సల్లినా పైరు పాలిపోయింది. ఆయప్ప సగం కూడా సల్లడు, అయినా ఆయన పైరు నల్లగా ఏపుగా లేసింది. అంతా నా సేతి సలవ అని మీసం దువ్వేవాడు. ఆడదానికి సేద్యమెందుకు, మడి నాకు గుత్తకిచ్చి కూలికి రమ్మను అని పెద్దల్ని కూసోబెట్టినాడు. సొంత మడిలో కూలికంట! నాకే ఒళ్లు మండింది. హులిగమ్మ మాత్రం అరవలేదు. ఈ ఒక్క పంట సూడండి, బావ కంటే నాకు తక్కువ పండితే నోరెత్తకుండా ఇచ్చేస్తానని అందరి ముందర మాటిచ్చింది.

సంతలో వ్యవసాయ ఆఫీసాయన సెప్పిన సంగతి ఆయమ్మ మనసులో ఉండింది. నీళ్లలో సల్లిన యూరియా కరిగి నీళ్లెంబడే పోతుందంట. బంకమట్టిలో పెట్టి ఉండ సేసి, నాలుగు కుదుళ్ల నడుమ బురదలోకి నొక్కితే వేళ్ల కాడే ఉంటుందంట. సగం ఎరువు సాలు, మళ్లీ మళ్లీ సల్లే పని తప్పుతుందన్నాడు.

మట్టెద్దుల అమావాస్యకు ఎద్దులు సేసే నల్లరేగడి మట్టే తెచ్చింది. ఎద్దుల్ని ఎండబెట్టినట్టే ఉండల్నీ మిద్దెమీద ఎండబెట్టింది. అదే పొరపాటైంది. రేగడి గదా, మాపటికి అన్నీ పర్రెలిచ్చి తెల్లగా యూరియా బయటపడింది. మట్టెద్దు పగిలితే పూజకేం తక్కువ లేదు, ఉండ పగిలితే ఎరువు నీళ్లపాలే. అమావాస్య పోయినంక ఎద్దులు సేస్తాందే అని నాట్ల ఆడోళ్లు పడీపడీ నవ్వినారు. మళ్లీ కొనే దారి లేదు. అన్నీ పగలగొట్టి, మట్టి తడిపి, మళ్లీ పిసికింది. ఈసారి పొద్దున సేసినవి నీడలో పెట్టి, మెత్తదనం పోకముందే మడిలో నొక్కేది. నడుము పట్టేసినా ఆపలేదు. సూడలేక నేనూ దిగినా.

పైరు పొట్టకొచ్చే నాటికి హులిగమ్మ మడి నల్లగా తిరిగింది. ఉచ్చీరప్పది ఎర్రబారింది. ఆయప్ప పెద్దల్ని ఎంటబెట్టుకొని గెనిమ మీదికి వచ్చి, మంత్రం పెట్టిచ్చిందని గోల సేసినాడు.

“నా మడికి ఏం సేసినావమ్మీ?”

హులిగమ్మ కొంగు తలమీదికి లాక్కొని, గండి కల్లా సూసింది.

“నీ మడికేం సెయ్యలేదు బావా. నా ఎరువు ఈసారి నా మడిలోనే దాచుకున్నా.”

పెద్దలూ గండి కల్లా సూసినారు. ఇన్నాళ్ల సేతి సలవ యాడిదో అందరికీ అర్థమైంది. నా కడుపు సల్లబడింది, అబద్ధమెందుకు.

కోతల్లో ఉచ్చీరప్ప కంటే ఆయమ్మకే ఎక్కువ పండింది. ఆ కోతలప్పుడు కొడవలి పట్టుకొని ముందుగా మడిలోకి దిగింది తనే. కూలికి మమ్మల్ని పిలిచింది.