స్టీరింగుకు కట్టిన పలక

ఈ సంగతి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. రాయలేకపోవడానికి కారణం ఒక్కటే, నాకు చదువు రాదు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నాక కూడా బలపం పట్టుకోగానే నా చెయ్యి ఒకే మాట వైపు పోయేది. ఆ మాట దాటి రెండో మాటకు రావడానికి ఇంతకాలం పట్టింది. మొన్న ఆళ్ళగడ్డ బస్టాండులో వాన పడుతుంటే, తెలిసినవాళ్ళు నంద్యాలకు పోతూ నన్ను కారెక్కించుకున్నారు. వెనక సీట్లో కూర్చున్నాను. బండి కదిలింది గాని ఇంజను చప్పుడు లేదు. కొంతదూరం పోయాక నా మోచేతి పక్కనున్న జాలీలోంచి, ఎవరో ముక్కుతో గాలి పీలుస్తున్నట్టు సన్నటి శబ్దం మొదలైంది. బ్యాటరీ వేడెక్కితే చల్లబరిచే ఫ్యాను శబ్దమది. అలాంటి ఫ్యాన్లు నా చేతులతో ఎన్నో విప్పి కడిగాను. అయినా మోచెయ్యి పక్కకు తీసుకున్నాను. ఇంటికి రాగానే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

ఖాదర్ అన్నకు నంద్యాలలో, ఆళ్ళగడ్డ పోయే రోడ్డు పక్కన, రేకుల షెడ్డు ఉండేది. ట్రాక్టర్లవీ లారీలవీ బ్యాటరీలు బాగుచేసేవాడు. హైదరాబాదులో, బెంగళూరులో వాడి అమ్మేసిన హైబ్రిడ్ కార్లు మా వైపు రావడం మొదలయ్యాక ఆ పని కూడా నేర్చుకున్నాడు. పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే బండ్లవి. వెనక సీటు వెనకాల పెద్ద పెట్టె ఉంటుంది. అందులో పుస్తకాలు నిలబెట్టినట్టు సెల్లులు వరసగా పేర్చి ఉంటాయి. రెండు మూడు సెల్లులు చెడితే చాలు, బండి మొత్తం మొరాయిస్తుంది. ఖాదర్ అన్న చెడినవి తీసేసి, తక్కినవాటిని నింపి, ఖాళీ చేసి, మళ్ళీ నింపి దారికి తెచ్చేవాడు.

నేను ఆ షెడ్డు ఊడవడానికి చేరాను. ఒకరోజు ఆయన సెల్లులను కలిపే రాగి పట్టీలు ముందేసుకుని, వాటికి పట్టిన పచ్చటి చిలుమును గరుకు కాగితంతో గీకుతున్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు.

"అన్నా, అట్ల గీకితే రాగి అరిగిపోతాది. ఇంత చింతపండు, ఇంత ఉప్పు ఏసి తోమితే సరిపోదా?"

"ఏందీ, బ్యాటరీకి పులుసు పెడ్తావా ఓబులమ్మా?"

"చెంబులు తోమే పని నాకు నేర్పొద్దులే."

ఆయన నవ్వి ఒక పట్టీ నా వైపు విసిరాడు. తోమి, వేడినీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి తెచ్చిచ్చాను. దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. మిగతావన్నీ నా ముందుకు జరిపాడు. ఆ రోజు నుంచి చీపురు మూలన పడింది.

పెట్టె దగ్గరికి మాత్రం వెంటనే రానివ్వలేదు. మొదట నా మెడలో గొలుసు తీసి పెట్టమన్నాడు. మొగుడు బతికుండగా ఎట్లా తీస్తానని తగువు పడ్డాను. "కరెంటుకు మొగుడు తెలీదు, పెండ్లాం తెలీదు. పసుపుతాడు కట్టుకో, ఎవురొద్దన్నారు? గాజు గాజులు ఉండనీ. ఇనుముదీ బంగారుదీ ఏదీ వద్దు" అన్నాడు. మరుసటి రోజు పసుపుతాడుతో పనికి పోయాను. ఇప్పటికీ నా మెడలో అదే ఉంది.

తర్వాత ప్లగ్గు సంగతి చెప్పాడు. పెట్టె పక్కన నారింజరంగు ప్లగ్గు ఒకటి ఉంటుంది. దాన్ని పీకితే లోపల కరెంటు దారి మధ్యలో తెగుతుంది. "పీకిన ప్లగ్గు, చేతులు లోపల పెట్టినోళ్ళ దగ్గరే ఉండాల. బెంచీ మీద పెడితివా, ఎవుడో సాయం చేస్తానని తెచ్చి పెడ్తాడు. ఆ సాయంతోనే పోతాం" అనేవాడు. తన ప్లగ్గును చొక్కా జేబులో వేసుకునేవాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతే జేబులోంచి తీసి భార్య షంషాద్ వదిన చేతికిచ్చి, "నేనొచ్చి అడిగేదాక ఎవురికీ ఇయ్యొద్దు" అనేవాడు. రోజూ అదే మాట. పని ముగిశాక ప్లగ్గు తిరిగి పెట్టే ముందు "చేతులు!" అని కేకవేసేవాడు. షెడ్డులో ఉన్నవాళ్ళందరం రెండు చేతులూ పైకెత్తి "బయటే!" అనాలి. రోడ్డు మీద పోయేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్ళు.

ఇక పలక. బడిపిల్లలు వాడే రాతిపలకను దారంతో బండి స్టీరింగుకు కట్టేవాడు. దాని మీద "ముట్టొద్దు" అని ఉండేది. పెట్టెలో చేతులు పెట్టేవాళ్ళే అది రాయాలి, పని అయ్యాక రాసినవాళ్ళే తుడవాలి.

"నాకు రాయను రాదు కదన్నా."

"అయితే చేతులు పెట్టొద్దు."

"నువ్వు రాసియ్యి, నేను చేస్తా."

"నేను రాస్తే నా పలక అయితాది. నీ ప్రాణానికి నా పలక ఎట్ల సరిపోతాది?"

పెద్ద అక్షరాలతో రాసిచ్చి వాటి మీద దిద్దమన్నాడు. అందరూ అ, ఆ దిద్దుతారు. నేను రెండు ఒత్తులున్న మాటతో మొదలుపెట్టాను. అన్నం తిన్నాక కాసేపు దిద్దేదాన్ని. తన గీత మీద నా గీత పోతుంటే వంగి చూసేవాడు. ఒకనాడు నేను దిద్దింది తుడవబోతే ఆపి, "చూడు, అడుగున నాది కనపడకుండా పోయింది. ఇంక ఇది నీది" అన్నాడు.

సెల్లు గురించి ఆయన చచ్చిందనే మాట వాడేవాడు కాదు. ఒకసారి ఒకదాన్ని అడుగంటా ఖాళీ చేసి, మీటరు పెట్టి చూపించి, బల్ల చివర విడిగా నిలబెట్టాడు. టీ తాగి వచ్చాక మళ్ళీ మీటరు పెట్టాడు. ముల్లు పైకి లేచింది.

"ఎవురూ ముట్టలేదు చూడు. దానంతట అదే లేస్తాంది."

"భయం కాదా అన్నా?"

"కావాల. అయిపోయిందిలే అని నమ్మి వేలు పెట్టినోళ్ళనే అది పట్టుకునేది."

ఆళ్ళగడ్డ పక్క పల్లె నుంచి సుబ్బారెడ్డి అనే రైతు తన కారును తెచ్చింది అలాంటి రోజుల్లోనే. వాళ్ళ నాయనకు ఉబ్బసం. నంద్యాల ఆస్పత్రికి తెస్తుంటే దారిలో ఆ కారు వెనక సీట్లోనే ప్రాణం పోయింది. ఆ తర్వాత నుంచి సీటు పక్క జాలీలో గురక లాంటి ఊపిరి వినబడుతోందని ఇంట్లో ఎవరూ వెనక కూర్చోవడం లేదట. కూర్చునేది ఒక్క వాళ్ళమ్మే. ఆమె పేరు నాగమ్మవ్వ. బండి ఆగి ఉన్నా సాయంత్రం పూట పోయి జాలీకి చెవి పెట్టుకుని కూర్చుంటుందట. ఆ రోజు ఆమె కూడా వచ్చింది.

"బ్యాటరీ మార్చుకో నాయనా, ఏమన్నా చేసుకో. ఆ గాలి మాత్రం తియ్యొద్దు. ఆయప్ప ఉండాడు దాంట్లో" అంది ఖాదర్ అన్నతో.

"అమ్మా, అది ఫ్యానే అని ఎన్నిసార్లు చెప్పాల?" అన్నాడు సుబ్బారెడ్డి.

"నీకు ఫ్యాను. నేను ఆయప్ప పక్కన పండుకున్నదాన్ని. ఆ ఊపిరి నాకు తెలీదా?"

ఖాదర్ అన్న నవ్వలేదు. ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఆ ఊపిరి సుకంగా ఆడతాందా అమ్మా?" అని అడిగాడు.

ఆమె జాలీ వైపు చూసింది. "లేదు నాయనా. శానా కష్టపడతాండాడు" అంది.

"చూస్తాలే. నువ్వు పోయిరా."

ప్లగ్గు పీకి, పలక రాసి కట్టి, ఆయన ఫ్యాను విప్పాడు. రెక్కలకు నల్లటి ఉన్ని చుట్టుకుని ఉంది. ముసలాయన కప్పుకునే గొంగళి పోగులవి. జాలీ గుండా కొంచెం కొంచెంగా లోపలికి పోయి ఉండ కట్టాయి. దాంతో గాలి ఆడక సెల్లులు వేడెక్కి చెడిపోయాయి. సంగతి అంత తేటగా ఉన్నా, ఆ ఉండను చేతిలోకి తీసుకున్నప్పుడు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అది వెచ్చగా ఉంది. బండి ఆపి చాలాసేపయింది. "పారెయ్యొద్దు. అవ్వకియ్యాల" అని ఉతికిన గుడ్డలో కట్టి అరలో పెట్టాడు.

చెడ్డ సెల్లులు మార్చాడు. నేను పట్టీలు తోమి ఇచ్చాను, ఆయన బిగించాడు. ఫ్యాను కడిగి తిరిగి పెట్టాడు. మూత వేసి ప్లగ్గు పెడితే అయిపోయేది. అప్పటికి అన్నం వేళయింది. ఇంటికి పోయాడు, ప్లగ్గు తీసి వదినకిచ్చాడు, రోజూ చెప్పే మాటే చెప్పాడు. చాప మీద కాసేపు నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు.

ఆయన్ను మట్టి చేసి వచ్చాక కొన్నాళ్ళు షెడ్డు తెరవలేదు. సుబ్బారెడ్డి కబురు మీద కబురు పెడుతుంటే నేనే తాళం తీశాను. కారు అలాగే నోరు తెరుచుకుని ఉంది. స్టీరింగుకు ఆయన రాత వేలాడుతోంది. వదిన ఇంటికి పోయి ప్లగ్గు అడిగాను.

"ఆయనొచ్చి అడిగేదాక ఎవురికీ ఇయ్యొద్దన్నాడు" అంది వదిన.

ఏడవలేదు, కోపంగానూ అనలేదు. ప్లగ్గు దాచిన ట్రంకుపెట్టె తాళంచెవి కొంగుకు ముడేసుకుని ఉంది. నేను రెట్టించలేదు. ఆ మాట నేనూ రోజూ విన్నదే.

సుబ్బారెడ్డి ఊరుకోలేదు. పాత సామాన్ల కొట్టులో వెతికి అలాంటిదే ఇంకో ప్లగ్గు తెచ్చాడు. "దీన్ని పెట్టు. మాయమ్మ రోజూ బండి యాడ, బండి యాడ అని పానం తీస్తాంది" అన్నాడు.

"ఒకటి బయట ఉండగా ఇంకోటి పెట్టకూడదు రెడ్డీ. అది ఎవురి దగ్గరన్నా ఉందంటే, వాళ్ళ చేతులు లోపల ఉన్నట్టే."

"ఎవురి చేతులమ్మా? ఆ మనిషి మట్టిలో ఉండాడు."

నేను ప్లగ్గు అందుకోలేదు. అతను విసుక్కుని, ప్లగ్గు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేనొక్కదాన్నే మిగిలాను. ఎండ రేకుల మీద చిటపటమంటోంది. ఖాదర్ అన్న ఖాళీ చేసి బల్ల చివర పెట్టిన సెల్లులు వరసగా ఉన్నాయి. ఎందుకో మీటరు తీసి ఒకదానికి పెట్టాను. ముల్లు లేచింది. రెండోదానికి పెట్టాను, అదీ లేచింది. అప్పుడే వెనకనుంచి ఊపిరి వినబడింది. తిరిగి చూస్తే కారు. ఫ్యాను తిరుగుతోంది. ఫ్యానుకు కరెంటిచ్చే చిన్న బ్యాటరీ తీగను పొద్దున నేనే ఊడదీశాను, పోయి చూస్తే ఊడే ఉంది. తెరిచిన తలుపుల గుండా వచ్చిన గాలికి కడిగిన రెక్కలు తేలిగ్గా తిరిగి ఉండవచ్చు. ఇప్పుడు అలాగే అనుకుంటాను. కాని అప్పుడు ఆ గాలి పీల్చి, ఆగి, వదిలి, మళ్ళీ పీల్చింది. స్టీరింగు దగ్గర పలక మెల్లగా ఊగింది. నా రెండు చేతులూ వాటంతట అవే పైకి లేచాయి. "బయటే" అన్నాను.

పొద్దు గూకకముందే వదిన దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆమె బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"పని సగంలో ఇడిసిపెట్టి గమ్మునుండే మనిషి కాదులే ఆయన" అంది. కొంగు ముడి తడుముకుని, "నీ చేతికైతే ఇయ్యను. రేపు నేనే తెస్తా. ఆయనెట్ల అడుగుతాడో అట్ల అడుగు" అంది.

మరుసటి పొద్దున వదిన ప్లగ్గును ఆయన చేతిగుడ్డలో చుట్టి తెచ్చింది. సుబ్బారెడ్డికి కబురు చేశాం. అతనూ నాగమ్మవ్వా వాకిట్లో నిలబడ్డారు. నేను మూత బిగించి, చిన్న బ్యాటరీ తీగ తగిలించి, "చేతులు!" అని కేకవేశాను. వదిన రెండు చేతులూ ఎత్తింది. ఒక చేతిలో ప్లగ్గు. సుబ్బారెడ్డి ఎత్తాడు, అవ్వ కూడా ఎత్తింది. నేనూ ఎత్తాను. అందరం ఇంకొకరి కోసం ఆగాం. షెడ్డులో ఏ శబ్దమూ లేదు. వదినే చివరికి "బయటే" అని, ప్లగ్గు నాకిచ్చింది.

పెట్టాను. సుబ్బారెడ్డి బటన్ నొక్కితే చప్పుడు లేకుండా బండి మేలుకుంది. అవ్వ వెనక సీట్లోకి ఎక్కి జాలీకి చెవి ఆనించింది. ఆమె కోరింది ఒక్కటే, ఆ గాలి తియ్యొద్దని. చాలాసేపటికి తలెత్తింది.

"నిమ్మళించినాడు. ఇప్పుడు నిద్రపోతాండాడు" అంది. ఖాదర్ అన్న అరలో పెట్టిన గుడ్డమూట నేనందిస్తే ఒళ్ళో పెట్టుకుంది.

బండి కదలాలంటే పలక తియ్యాలి. దాని మీద ఖాదర్ అన్న రాత ఉంది. రాసినవాళ్ళే తుడవాలి. పలక విప్పి బల్ల మీద పెట్టి, బలపం తీసుకున్నాను. ఆయన అక్షరాల మీదే నెమ్మదిగా దిద్దాను. ము దిద్దాను, ట్టొ దిద్దాను, ద్దు దిద్దాను. అడుగున ఆయన గీత కనపడనంతవరకు దిద్దాను. అది నాదయ్యాక, కొంగు తడిపి తుడిచాను.