సున్నం బకెట్టు

ఈస్టరు ముందు మా చర్చివాళ్లందరం ఉప్పుమళ్ల పక్కనున్న సమాధుల తోటకి వెళ్లి, ఎవరి సమాధులకి వాళ్లం సున్నం వేస్తాం. నాకు వెయ్యడానికి సమాధి లేదు. చేపల వేటకెళ్లిన మా ఆయన్ని సముద్రం తిరిగివ్వలేదు. పడవొక్కటే వచ్చింది. నాలుగేళ్లు మామగారి సమాధి దగ్గర అత్తకి సున్నం బకెట్టు పట్టుకుని నిలబడ్డాను.

యేసు మనకి 'సమృద్ధి జీవం' ఇవ్వడానికే వచ్చాడని పాస్టరుగారు అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మా ఆయన పళ్లెం గూట్లో బోర్లించే ఉంది, ఎవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు. గాలికి తలుపు కదిలితే చాలు, తడికాళ్లతో గుమ్మంలో నిలబడ్డాడేమోనని తింటున్న అన్నం వదిలేసి లేచేదాన్ని. ఇంక సమృద్ధి ఎక్కడిది?

ఐదో ఏడు ఈస్టరు తెల్లవారుజామున అందరూ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించారు. పాస్టరుగారు ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. ఆడవాళ్లు సుగంధద్రవ్యాలు పట్టుకుని యేసు సమాధికి వెళితే లోపల దేహం లేదట, బతికి లేచాడట.

చిన్నప్పటి నుంచి విన్నదే. అయినా ఆగలేకపోయాను.

"అయితే ఏటత్తా, ఆళ్లకీ శవం దొరకలేదా?" అని గట్టిగా అడిగేశాను. జనం తిరిగి చూశారు.

"దొరకలేదు కాబట్టే కదే, మనం ఈ పొద్దు ఇక్కడున్నాం" అంది అత్త, తన కొవ్వొత్తి నా చేతిలో పెట్టి.

ఇంటికొచ్చి ఆయన పళ్లెం కడిగాను. అందులోనే అన్నం పెట్టుకుని కడుపునిండా తింటున్నాను. తలుపు కదిలింది.

"వస్తావులే" అన్నాను. లేవలేదు.