ప్యాచ్ వేసిన కార్డు

ఎనభైల మొదట్లో ద్వారకా నగర్‌లోని ఒక కాంట్రాక్టు కంపెనీలో నేను పంచ్ ఆపరేటర్‌ని. కూలీల వివరాలన్నీ అట్ట కార్డుల మీద రంధ్రాలుగా కొట్టేదాన్ని. కంప్యూటర్ వాటినే చదివేది. తప్పు రంధ్రం పడితే చిన్న కాగితం ముక్క అంటించి మూసేవాళ్లం. బట్టకు మాసిక వేసినట్టు కాబట్టి దాన్ని ప్యాచ్ అనేవాళ్లం. కంప్యూటర్‌లో ఏది దిద్దినా ప్యాచ్ అనడం అలా మొదలైందేనని మా సీనియర్ చెప్పేది.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట ఒక కూలీకి పరంజా మీంచి పడి కాలు విరిగింది. పరిహారం ఇవ్వక్కర్లేకుండా, డ్యూటీ దిగాక పడినట్టు వేళ మార్చమన్నాడు మేనేజరు.

"చిన్న ప్యాచే కదమ్మా" అన్నాడు. వేశాను.

కొన్నాళ్లకు ఆ కూలీ ఊతకర్రతో నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"డూటీ దిగినాక పడ్డానంతన్నారమ్మా. నాను పనిలోనే పడ్డాను. ఓపాలి మిసన్లో సూడమ్మా."

కార్డులో ఉన్నదే అది చెబుతుందన్నాను.

అతను కాసేపు ఆలోచించాడు. "మిసనుకి అబద్దమాడాల్సిన పనేటుంది? దెబ్బకి నానే మర్సిపోయుంటాను" అని, నా పనికి అడ్డొచ్చినందుకు నొచ్చుకుంటూ కదిలాడు.

నిజం చెబుదామని లేచాను. మేనేజరు గది తలుపు తెరిచి ఉంది. మళ్లీ కూర్చున్నాను. అతను మెట్లు దిగుతున్నంతసేపూ ఊతకర్ర చప్పుడు వినిపించింది.