రాజుగారికి వన్స్ మోర్

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో నన్ను నేను ఒక కంపెనీ అనుకునేదాన్ని. కంపెనీ అంటే ఏముంది, మార్కాపురంలో మా నాయన కిరాణా దుకాణం వెనక వసారాలో ఒక కుర్చీ, కాలు ఊగే బల్ల, మధ్యాహ్నానికల్లా చార్జింగు అయిపోయే ఫోను. దుకాణం గోడకి నేనే స్కెచ్ పెన్నుతో రాసి అంటించిన అట్ట ఒకటి: 'ఇచ్చట సకల రచనలు ఆర్డరుపై రాసి ఇవ్వబడును'. (దాని కిందే మా నాయన అంటించిన అట్ట: 'బెల్లం వచ్చినది'. ఎక్కువమంది రెండోదే చదివేవారు.) ఆ 'సకల' అనే మాటే నా కొంప ముంచింది. శుభలేఖలు, రిటైరయ్యే మాస్టర్లకు సన్మాన పత్రాలు, కొత్త షాపులకు కరపత్రాలు, స్కూలు వార్షికోత్సవంలో ముఖ్య అతిథి చదివే ప్రసంగం, ఆ అతిథికి ధన్యవాదాలు చెప్పే ప్రసంగం, అన్నిటికీ తలూపేదాన్ని. కాదనడం నాకు పుట్టుకతోనే రాదు.

పని మీద పడేసరికి, ఇల్లు కట్టే మేస్త్రీ తలుపులు ఒకరికీ కరెంటు ఒకరికీ అప్పజెప్పినట్టు, నేనూ కొంత రాత బయటికి ఇవ్వడం మొదలుపెట్టాను. అట్లా నాకు దొరికినవాళ్లు ఇద్దరు. ఒకాయన దొనకొండ మామ. రైల్వేలో చేసి రిటైరైనవాడు, వయసులో ఉండగా పౌరాణిక నాటకాల్లో రాజ వేషాలు కట్టినవాడు. పద్యం అల్లితే వినేవాళ్లకి ఒళ్లు జలదరించేది. చిక్కేమిటంటే ముందర హార్మోనియం లేనిదే ఆయనకు పద్యం పుట్టదు, ఆ హార్మోనియమేమో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరి ఇంట్లో ఉండేది. రెండో ఆయన మైకు బావ. (అమ్మ తరపు దూరపు చుట్టం. ఎంత దూరమో అమ్మ కూడా తేల్చలేదు.) ఆటోకు మైకు కట్టుకుని చీరల సేలు నుంచి తప్పిపోయిన గేదె దాకా ఏదైనా ఊరంతా చాటేవాడు, మాటలు తనే రాసుకునేవాడు. 'ఐదు నిమిషాలు' ఆయన ఊతపదం. ఆయన ఐదు నిమిషాలు ఒక్కోసారి మంగళవారం మొదలై ఆదివారం దాకా సాగేవి.

ఆ ఏడాది డిసెంబరు మొదట్లో, పుల్లలచెరువు అవతల అడివంచు పల్లె నుంచి ఒక పాస్టరమ్మ పండగ సరుకుల కోసం మా దుకాణానికి వచ్చింది. ఏటా మా దగ్గరే కొనేది. చక్కెర తూకం వేసేలోపు నా అట్ట ఆమె కంట పడింది. "వందనాలు పాపా, నువ్వు రాస్తావంట గదా. మా చర్చిలో ఏటా అదే క్రిస్మస్ నాటకం. చూసీ చూసీ జనం కునుకు తీస్తాండారు. ఈసారి కొత్తది రాసియ్యి" అంది. నేను తలూపేశాను. మా నాయన తక్కెడ వైపు నుంచి నా వైపు చూశాడు. ఆయనకు అప్పటికే నా కంపెనీ మీద విసుగు వచ్చి ఉంది. గిద్దలూరులో మా పెదనాయన ప్రైవేటు స్కూలు నడుపుతున్నాడు, నేను అక్కడ టీచరుగా చేరాలని ఇంట్లో రోజూ పోరు. (ఆ స్కూలంటే పిల్లలకన్నా టీచర్లకు భయం ఎక్కువ. పొద్దున ప్రార్థనలో మా పెదనాయన టీచర్ల గోళ్లు కూడా తనిఖీ చేసేవాడు.)

పాస్టరమ్మ వెళ్లాక నాయన తీర్పు చెప్పాడు. "నన్ను గూడా రమ్మనె గదా, వస్తా. ముందు వరసలో కూర్చుంటా. నాటకం అయిందాకా జనం లేవకుండా కూర్చున్నారనుకో, నీ రాతలు నువ్వు రాసుకో, ఇంక నేను నోరెత్తను. మధ్యలో లేచిపోయినారనుకో, జనవరి ఫస్టుకు గిద్దలూరు బస్సెక్కాల."

"సరే" అన్నాను. 

నాటకాన్ని ముక్కలు చేసి పంచాను. పుట్టిన బిడ్డను చంపించాలని చూసే రాజుగారి దర్బారు దొనకొండ మామకు. దేవదూత శుభవార్త చెప్పే రంగం, ముగ్గురు జ్ఞానులు బిడ్డను వెతుక్కుంటూ వచ్చే ఆఖరి రంగం మైకు బావకు. నాకేం మిగిలిందంటే, ఫోన్లు చేయడం. పదిరోజులు ఏకధాటిగా అదే చేశాను. "ఏందమ్మా కోడలా, తొందరపడితే ఎట్ల? రాజు కోపం ఇంకా నా ఒంట్లోకి రాలా" అనేవాడు మామ. "ఎప్పుడొస్తుంది మామా?" అంటే, "పెట్టె రావాల గదా, భజనోళ్లు తీసకపోయినారు" అనేవాడు. చివరికి ప్యాసింజరు ఎక్కి దొనకొండ పోయి, భజన వాళ్ల ఇంటి నుంచి హార్మోనియం నేనే మోసుకొచ్చి ఆయన ముందు పెట్టాను. పెట్టగానే పద్యాలు పొంగి వచ్చాయి. కాగితం మీద మాత్రం పెట్టనన్నాడు. "రాస్తే పద్యం చచ్చిపోతాదమ్మా, ఫోనులో పాడతా పట్టుకో" అని రాగాలతో సహా వాయిస్ మెసేజీలు చేసి పంపాడు. విన్నాను. అన్నీ రాజుగారివే. "మామా, బిడ్డ పుట్టిన సంగతో?" అని అడిగాను. "అది అందరికీ తెలిసిందే గదమ్మా. రాజు గొప్పగా లేకుంటే నాటకమెట్ల నిలబడతాది?" అన్నాడు.  ఆ మెసేజీలే పల్లెకు పంపించాను. రాజు వేషం వేసేది తాపీ మేస్త్రీ ఒకాయన. గోడ కడుతూ, చెవికి ఫోను కట్టుకుని అన్నీ కంఠతా పట్టేశాడట.

మైకు బావ సంగతి వేరు. ఒక పొద్దున ఫోను చేస్తే, "మరదలా, హనుమంతునిపాడులో ఉండా, సర్కసు పని. చానా దూరం. ఐదు నిమిషాల్లో రాసి పంపిస్తా" అన్నాడు. ఆ మాటల వెనక ఎవరిదో గొంతు: "కందిపప్పు కిలోనా, అరకిలోనా?" ఆ గొంతు నేను పుట్టినప్పటి నుంచి వింటున్నదే. వసారాలోంచి దుకాణంలోకి రెండంగల్లో వెళ్లాను. బావ నన్ను చూసి, ఫోను ఇంకా చెవికి పెట్టుకునే, "ఇప్పుడే వచ్చినా" అన్నాడు. అక్కడే బియ్యం బస్తా మీద కూర్చోబెట్టి దేవదూత రంగం రాయించాను. జ్ఞానుల రంగం దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఆటో అడ్డం తీయమని అరిచారు. "అది నేనే చేత్తో తెస్తా మరదలా, నాటకం మొదలయ్యేలోపే ఆడ ఉంటా" అంటూ పోయాడు. నమ్మాను. అప్పటికి నా వయసు నమ్మే వయసు.

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం భోజనాలు కాగానే చర్చి ముందు షామియానా కింద నాటకం. మా నాయనను ముందు వరసలో, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో కూర్చోబెట్టి మెళ్లో దండ వేశారు. నేను తెర వెనక, అందరికీ మాటలు అందించడానికి. బావ రాలేదు. ఫోను స్విచాఫ్.

దేవదూతగా వచ్చింది ఆ ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ. రెక్కలు సర్దుకుని, బావ రాసింది బావ పద్ధతిలోనే అందుకుంది: "పరిసర గ్రామాల ప్రజలకు ముఖ్య విజ్ఞప్తి! పుట్టినాడు... పుట్టినాడు... పుట్టినాడు! మీ కోసం, మా కోసం, మనందరి కోసం! పశువుల పాకలో, గడ్డి తొట్టిలో! కుటుంబ సమేతంగా తరలి రండి! ముందు వచ్చినవారికి ముందు దర్శనం!" గొర్రెల కాపరుల వేషం వేసినవాళ్లు నిజంగానే గొర్రెల కాపరులు. ముందు దర్శనం అనేసరికి ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తారు, ఆ తోపులాటలో జిగినా నక్షత్రం ఊడి కింద పడింది. జనం పడీపడీ నవ్వారు. తెర సందులోంచి చూశాను. పాస్టరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయన మాత్రం నవ్వలేదు, వెనక్కి తిరిగి ఎవరైనా లేస్తున్నారేమో చూస్తున్నాడు.

తర్వాత రాజుగారు. ఆయన తర్వాత జ్ఞానులు రావాలి, వాళ్లకు మాటల్లేవు. తలపాగాలు చుట్టుకున్న ముగ్గురూ నా చుట్టూ చేరారు. "పాపా, మేమేం చెప్పాల?" నా దగ్గర ఏం లేదు. గోళ్ల తనిఖీ కళ్ల ముందు మెదిలింది. సరిగ్గా అప్పుడు స్టేజీ మీద మేస్త్రీ మీసం మీద చెయ్యి వేసి, "నేనె రాజు, నేనుండగ నింకొక రాజెవ్వడురా... ఆ... ఆ..." అని రాగం తీశాడు. ఇటుకలు మోసిన ఊపిరి, ఎక్కడా ఆగలేదు. ముగించాడో లేదో షామియానా అదిరిపోయింది. "వన్స్ మోర్!"

అంతకుముందు మేస్త్రీని ఒకటికి నాలుగుసార్లు హెచ్చరించింది నేనే, ఇది దేవుడి నాటకం మేస్త్రీ, వన్స్ మోర్ అంటే పాడొద్దు అని. ఆయన బుద్ధిగా నా వైపు చూశాడు. నేను చెయ్యి గిరగిరా తిప్పి, పాడమన్నట్టు సైగ చేశాను. ఆయన మొహం వెలిగిపోయింది. మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. నేను మిఠాయి అట్టపెట్టె ఒకటి చింపి, మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. నా కంపెనీలో నేను రాయక చాలా రోజులైంది, పెన్ను ఎటు పోవాలో తెలియక అట్ట మీద తిరుగుతోంది.

అప్పుడు వినిపించింది హారను. నీళ్ల ట్యాంకరు! ఆ పల్లెల్లో ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, వచ్చినప్పుడు మాత్రం పెళ్లి పీటల మీద ఉన్నవాళ్లయినా బిందె పట్టుకుని పరుగెత్తాల్సిందే. ఆడవాళ్లు సగం లేచారు. నాయన కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఇక గిద్దలూరే అనుకున్నాను. మేస్త్రీకి ఏం తోచిందో, తన రాజ్యంలో జనం లేవడం ఆయనకు నచ్చలేదు. కత్తి దూసి, కళ్లెర్రజేసి, నిజంగా తనే రాజన్నట్టు మామ పద్యాల్లో అన్నిటికన్నా ఉగ్రమైనది ఎత్తుకున్నాడు. లేచినవాళ్లు లేచినట్టే కూర్చున్నారు. హారను ఇంకో రెండుసార్లు మోగి, ఆగిపోయింది. ఒక్క బిందె కూడా రావడం లేదేమిటా అని డ్రైవరు దిగి వచ్చి, షామియానా గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. పద్యం అయ్యాక అందరికన్నా గట్టిగా అరిచింది ఆయనే. "వన్స్ మోర్!"

ఆ హారను నా చెవిలో ఉండగానే నా పెన్ను కదిలింది. జ్ఞానులు తెచ్చే కానుకలు బంగారం, సాంబ్రాణి, బోళం, ఇవన్నీ చర్చి జనానికి తెలిసినవే. నేను రాసింది చిన్న రంగం. ముగ్గురు పెద్దమనుషులు రాజు ఇంట్లో దారి అడిగి, దుమ్ము కొట్టుకుని పాక ముందుకు వస్తారు. కానుకలు తీయబోతారు. బిడ్డ తల్లి ఆపి, "అవన్నీ తర్వాత సామీ. దూరం నుంచి వచ్చినారు, ముందు నీళ్లు తాగండి" అని చెంబు అందిస్తుంది. వాళ్లు ఒకరి తర్వాత ఒకరు తాగుతారు. మూడో ఆయన ఖాళీ చెంబు పట్టుకుని, "రాజు ఇంట్లో గూడా మమ్మల్ని ఎవరూ ఈ మాట అడగలేదు తల్లీ" అంటాడు. అంతే. తెర చాటు నుంచి నేను గుసగుసగా చెప్తే వాళ్లు గట్టిగా చెప్పారు. మూడో ఆయన మాటకు షామియానా కింద ఎవరో ముక్కు చీదిన శబ్దం వినిపించింది.  తెర పడ్డాక మాత్రం అందరూ ఒక్క ఉదుటున లేచి బిందెల కోసం పరుగెత్తారు, దేవదూత రెక్కలతో సహా.

తిరుగు దారిలో యర్రగొండపాలెం దాటాక నాయన బండి కొంచెం నెమ్మది చేసి, "ట్యాంకరు వచ్చినా లేవలేదంటే అది నాటకమే" అన్నాడు. నా గుండె నిండిపోయింది. "ఆ రాజు పద్యాలున్నాయి చూడూ, అబ్బా! ఎవరు రాసినారు?"

"దొనకొండ మామ."

"ఆ దేవదూత మాటలు?"

"మైకు బావ."

"మరి నువ్వేం చేసినావు?"

నోటిదాకా వచ్చింది. ఎందుకో సిగ్గు అడ్డం వచ్చింది. "అన్నీ సర్దినా నాయనా" అన్నాను.

"సరేలే, సర్దడం గూడా పనే. నీ పని నువ్వు చేసుకో" అన్నాడు. అట్లా హార్మోనియం పుణ్యమా అని నేను గిద్దలూరు బస్సు తప్పించుకున్నాను. ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. నాయన గడపలో చెప్పులు విడుస్తూ, నాటకం ఫక్కీలో గొంతు సవరించి, మా అమ్మతో, "దూరం నుంచి వచ్చినారు, ముందు నీళ్లు తాగండి అనాల" అన్నాడు. ఈయనకేమైందన్నట్టు అమ్మ నా వైపు చూసింది. నేను గబగబా నీళ్లు తేవడానికి లోపలికి పోయాను, కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

బావ జ్ఞానుల రంగం మర్నాడు సాయంత్రం ఫోనుకు వచ్చింది. 'ఐదు నిమిషాలు లేటయింది మరదలా' అని కింద ఒక దండం. ఇన్నేళ్లయినా వాళ్లిద్దరికీ పని ఇస్తూనే ఉన్నాను, వాళ్ల వెంట పడుతూనే ఉన్నాను. మామ హార్మోనియం ఇప్పుడు మా వసారాలోనే పెట్టించాను, అయినా ఏదో ఒక పద్యానికి ఆఖరి పాదం మిగిలిపోతూనే ఉంటుంది.

నాయన మాత్రం ఆ రోజు నుంచి దుకాణం కట్టేసి ఇంట్లోకి వచ్చినప్పుడల్లా అదే మాట. పట్టుమని పదడుగులు ఉండవు దుకాణానికీ ఇంటికీ, అయినా "దూరం నుంచి వచ్చినా, ముందు నీళ్లియ్యి" అంటాడు. మొన్న చెంబు అందిస్తూ, ఏమీ ఎరగనట్టు అడిగాను, "ఆ మాట ఎక్కడిది నాయనా?" అని. నీళ్లు మొత్తం తాగి, మూతి తుడుచుకుని, నా అట్ట అంటించిన గోడ వైపు చెయ్యి విసురుతూ అన్నాడు: "ఎవరో పెద్ద కవి రాసిందిలే. నీకు తెలీదు."