కుండలో చేపపిల్లలు

ఈ సాయంత్రం తిరుపతిలో మా వీధిలో దోమల మందు పొగ కొడుతుంటే చెల్లెలు గుర్తొచ్చింది.

అప్పుడు వడమాలపేటలో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు, దానికి ఐదు. పెరట్లో పగిలిన కుండలో వాననీళ్ళు నిలిచాయి. అందులో మెలికలు తిరిగే సన్నటి పురుగులను చేపపిల్లలనుకుని, ఇద్దరం రోజూ మెతుకులు వేసేవాళ్ళం.

ఒకనాడు ఆరోగ్య కార్యకర్త వచ్చింది. "నీళ్ళు యాడన్నా నిలిచుండాయా పాపా? పారబోయల్ల," అంది.

"యాడా లేవక్కా," అన్నాను, కుండకు అడ్డంగా నిలబడి.

పదిహేను రోజులకు చెల్లెలికి డెంగీ వచ్చింది. ఆసుపత్రి నుంచి నాయన దాన్ని ముఖం కూడా కప్పి దుప్పట్లో చుట్టి తెచ్చాడు.

మరుసటేడు బడిలో దోమ పాఠం బొమ్మలో మా చేపపిల్లల్ని చూశాను.

"ఆ పాడు దోమ నా బిడ్డను యాడ కుట్టిందో," అని అమ్మ ఇప్పటికీ అంటుంది. పక్కనే కూర్చుని వింటాను. ఆ కుండ సంగతి అమ్మకు ఈనాటికీ తెలీదు.