తాతయ్య పసుపు ఏరిన రోజు

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి చదివే రోజుల్లో, పక్షవాతం వచ్చి మంచం పట్టిన మా తాతయ్యను చెయ్యి పట్టి లేపి, వారం తిరక్కుండా వాకిట్లో నడిపించినవాణ్ని నేను. ఈ సంగతి మా ఊరు పెర్కిట్‌లో నా చేతికి చిక్కిన ప్రతివాడికీ చెప్పాను. మొన్న మా ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయికీ చెప్పాను. ఆమె కళ్లు పెద్దవి చేసుకొని విన్నది కాబట్టి ఇంకో రెండు రోజులు తగ్గించి, అయిదు రోజుల్లోనే నడిపించానన్నాను.

ఆ అమ్మాయి వచ్చేది నా భార్య కోసం. నా భార్య నాకు మేనత్త కూతురే. ఒకే ఇంట్లో పెరిగినవాళ్లం. రెండు నెలల కింద పొద్దున చాయ్ తాగుతుంటే ఆమె చేతిలోంచి కప్పు జారింది, మూతి ఒక పక్కకు వంగింది. వెంటనే దవాఖానకు తీసుకుపోయాం. ప్రాణం దక్కింది గానీ కుడి చెయ్యి, కుడి కాలు ఇంకా ఆమె చెప్పినట్టు వినడం లేదు. మాట కూడా ఒకటీ అరా తప్ప రావడం లేదు. ఇంటికి పంపేటప్పుడు ఏ వారం ఏం చేయించాలో కాగితం మీద రాసిచ్చారు. ఈ వారం కుడి చేత్తో చెంచా పట్టుకొని తనే తినాలి.

నేనేమో ఆ అమ్మాయి ఆటో ఎక్కిందో లేదో చెంచా అందుకొని తినిపిస్తున్నాను. మెతుకు గొంతుకు అడ్డం పడుతుందేమోనని భయం. అదురుతున్న ఆ చెయ్యిని చూడాలంటే అంతకంటే భయం. నిన్న ఆ అమ్మాయి ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చి నన్ను దొరకబట్టింది. "తాతా, గిట్ల మీరే తినిపిస్తే గా చెయ్యి ఇగ ఎప్పుడు లేస్తది?" అన్నది. అచ్చం మా నాయనమ్మ తిట్టినట్టే అనిపించింది.

కాబట్టి ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్తాను. వారమూ కాదు, నెలా కాదు. నేను లేపిందీ లేదు, నడిపించిందీ లేదు.

తాతయ్య పసుపు ఉడికించే పొయ్యి దగ్గర కూలిపోయాడు. ఇంట్లోకి మోసుకొచ్చాక అందరిదీ ఒకటే భయం, కదిలిస్తే ఉన్న ప్రాణం కూడా పోతుందని. గాలి తగలకుండా తలుపులు మూశారు. ముద్ద కలిపి నోట్లో పెట్టేవాళ్లు, ఈగ వాలితే తోలేవాళ్లు. ఆయన కుడి చెయ్యి దుప్పటి మీద ఎవరో మరిచిపోయిన వస్తువులా పడి ఉండేది. నన్ను చూసి పిలవబోయేవాడు. పేరు రాక గొంతులోంచి ఏదో శబ్దం వచ్చేది. అది మా తాతయ్య గొంతు కాదనిపించేది.

పసుపు ఎండిన తర్వాత ఒక పొద్దున నాయనమ్మ తలుపులన్నీ తెరిచింది. తాతయ్యను పసుపు సంచుల పక్కనే గోడకు ఆనించి కూర్చోబెట్టి, ముందర గంపెడు పసుపు కుమ్మరించింది. మా దిక్కు పొడుగు కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి దుంపలు ఒక కుప్ప ఏరిన తర్వాతే ఆర్మూరు మార్కెట్‌కు పంపుతారు. "నా కండ్లు మసకైనయ్. ఏది కొమ్మో ఏది దుంపనో తెలుస్తలేదు. జర నువ్వే ఏరు" అన్నది. ఆయన ఎడమ చెయ్యి చాచితే తట్టి వెనక్కి పెట్టింది.

ఒక్క కొమ్ము పట్టుకోవడానికి ఆ వేళ్లు ఎంతసేపు పాకాయో! పట్టు చిక్కినట్టే చిక్కి జారిపోయేది. నుదుటి మీద చెమట. ఇప్పుడే, నా కళ్ల ముందే పోతాడనిపించింది. నాయనమ్మ లోపలికి పోగానే గబగబా గంపెడూ నేనే ఏరి రెండు కుప్పలు పోసేశాను. మెచ్చుకుంటాడని చూస్తే తాతయ్య మొహం గోడకు తిప్పుకున్నాడు.

నాయనమ్మ వచ్చి గుమ్మంలోంచే, "గా కొమ్ము దుంపలల్ల పడ్డది సూడు" అన్నది. మసక కండ్ల సంగతి అప్పుడు తెలిసింది నాకు. ఆ తర్వాత వంగి, రెండు కుప్పలనూ రెండు చేతులతో మళ్లీ కలిపేసింది.

"నీ చెయ్యి మంచిగనే ఉన్నది గదరా. దానికెందుకు మందు?" అన్నది. చేతులు తొడల కింద పెట్టుకొని అక్కడే కూర్చొమ్మన్నది. కూర్చున్నాను.

మధ్యాహ్నానికి తాతయ్య ఏరింది ఒక గుప్పెడు. మరుసటి పంట నాటికి తన ముద్ద తను తిన్నాడు, కర్ర పట్టుకొని గడప దాకా వచ్చాడు. చేను దాకా మళ్లీ ఎన్నడూ పోలేదు.

ముట్టుకోకుండా పక్కన కూర్చోవడమే అన్నిటికంటే కష్టమైన సాయమని ఆ రోజే నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు మరిచిపోయానో గానీ, అది నన్ను విడిచిపెట్టలేదు. ఈ మధ్యాహ్నం నా భార్య ముందు పళ్లెం పెట్టి, చేతులు తొడల కిందికి తోసుకొని కూర్చున్నాను. నా భయం ఆమెకు కనబడకుండా ఈ కథంతా చెప్పుకుంటూ పోయాను. చెంచా లేచింది. సగం పెరుగన్నం చీర మీద పడింది. మిగిలిన సగం నోటిదాకా వెళ్లింది. మెల్లగా నమిలింది, మింగింది.

ఆమె నా వైపు చూసింది. రెండు నెలల తర్వాత, ముక్కలు ముక్కలుగా అయినా, నిండు మాట వచ్చింది.

"నువ్వు... కూసోలే, బావా. సంచుల ఎనుక... దాక్కొని ఏడ్చినవ్. తాత పక్కన... కూసున్నది నేను."